ఫజర్ వేళ కనిపించేది మంచే కాదు: రాజమండ్రి గాలి లెక్క

డిసెంబరు, జనవరి నెలల్లో ఫజర్ నమాజు అయ్యాక మసీదు బయటికి వస్తే కొన్ని రోజులు వీధి చివర మసకగా కనిపిస్తుంది. గోదావరి ఒడ్డున ఉన్న ఊరు కదా, మంచు అనుకుంటారు చాలామంది. అందులో మంచుతో పాటు పొగ, దుమ్ము కూడా కలిసి ఉంటాయి. ఆయాసం ఉన్న పెద్దవాళ్లకి, పిల్లికూతలు వచ్చే పిల్లలకి ఈ తేడా తెలియడం చాలా అవసరం.

గాలి లెక్క దుకాణం ఖాతా లాంటిదే. బండ్ల పొగ, రోడ్డు దుమ్ము, చెత్త మంటలు, కోతలయ్యాక తగలబెట్టే గడ్డి రోజూ జమ అవుతుంటాయి. ఈదురుగాలి, వాన ఆ జమని ఖాళీ చేస్తాయి. వానాకాలంలో ఖాతా తేలిగ్గా ఉండేది అందుకే.

చలికాలం సంగతి వేరు. రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది. నేలని ఆనుకున్న గాలి చల్లగా, దానిపైన గాలి వెచ్చగా ఉంటుంది. చల్లగాలి బరువు కాబట్టి పైకి లేవదు. గిన్నె మీద మూత పెట్టినట్టు పొగ కిందే ఉండిపోతుంది. ఎండ ముదిరి నేల వేడెక్కాకే ఆ మూత తెరుచుకుంటుంది.

ఊరి కట్టుబడి కూడా లెక్కలోకి వస్తుంది. గోదావరి గట్టు మీద గాలికి అడ్డు లేదు. అదే రెండు వైపులా మేడలున్న ఇరుకు సందులో బండ్ల పొగ త్వరగా బయటికి పోదు. రోడ్డు అంచున మట్టి ఉంటే ప్రతి చక్రం దాన్ని మళ్లీ లేపుతుంది. కప్పకుండా వదిలేసిన ఇసుక గుట్టదీ అదే పని. చెట్లు ఆకుల మీద కొంత దుమ్ము పట్టి ఆపుతాయి.

కేంద్రం 2019లో మొదలుపెట్టిన జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమం జాబితాలో రాజమహేంద్రవరం కూడా ఉంది. సన్నని ధూళి పీఎం 2.5 ఏడాది సగటున ఘనపు మీటరుకి 40 మైక్రోగ్రాములు దాటకూడదన్నది మన దేశ ప్రమాణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన హద్దు 5 మాత్రమే.

ఊళ్లో ఆనం కళాకేంద్రం దగ్గర గాలిని కొలిచే యంత్రం ఉంది. ఆ అంకె కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 'సమీర్' యాప్‌లో కనిపిస్తుంది. 100 లోపు ఉంటే ఫర్వాలేదు. 200 దాటితే బాగోలేదని అర్థం. అయితే అది చెప్పేది ఆ చుట్టుపక్కల గాలి గురించే. మీ సందులో చెత్త తగలబడుతుంటే ఆ పొగ యంత్రానికి తెలియదు.

ఇంట్లో చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. చలికాలంలో ఆయాసం ఉన్నవాళ్లు వాకింగ్‌ని ఫజర్ తర్వాత వెంటనే కాకుండా ఎండ వచ్చాక పెట్టుకుంటే మంచిది. తలుపులు మూసి ఊదు, అగరబత్తి వెలిగిస్తే ఆ పొగంతా గదిలోనే ఉంటుంది, కిటికీ తీయాలి. వాకిలి ఊడ్చే ముందు నీళ్లు చల్లాలి. ఊడ్చిన చెత్తని మున్సిపాలిటీ బండికే ఇవ్వాలి. అగ్గిపుల్ల గీస్తే చెత్త పోదు, పక్కింటి పసివాడి ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది.