నెలకో జలుబు... భయపడాలా?

‘సార్, పాపకు నెలనెలా జలుబే. ఇమ్యూనిటీ లేదేమో?’ ఓపీలో తరచూ వినే ప్రశ్న ఇది. ఐదేళ్లలోపు పిల్లలకు ఏడాదిలో ఆరు నుంచి ఎనిమిదిసార్లు జలుబు చేయడం మామూలే. చాలావరకు వైరస్‌ల వల్ల వచ్చేదే కాబట్టి యాంటీబయోటిక్‌తో పని లేదు. పోయినసారి మిగిలిన సిరప్ మళ్లీ తాగించకండి. ఏ కాలంలో దేన్ని గమనించాలో తెలిస్తే చాలు.

మే: తిరుపతిలో గంగమ్మ జాతర, మండే ఎండలు. బయటి నీళ్లు, ఐస్‌తో విరేచనాలు పట్టుకోవచ్చు. లీటరు నీటికి సరిపడే పెద్ద ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌ను కాచి చల్లార్చిన లీటరు నీటిలో మొత్తం కలపాలి. 24 గంటలు దాటితే పారబోయాలి. తల్లిపాలు, అన్నం ఆపొద్దు. డాక్టరు రాసిన జింక్‌ను విరేచనాలు తగ్గినా 14 రోజులు ఇవ్వాలి.

సెప్టెంబరు: దోమల కాలం. డెంగీలో జ్వరం తగ్గాకే అసలు జాగ్రత్త అవసరం. కడుపునొప్పి, ఆగని వాంతులు, మగత ఉంటే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. జ్వరానికి బరువును బట్టి పారాసెటమాల్ ఒక్కటే వాడాలి.

నవంబరు: చిత్తూరు వైపు ఈశాన్య రుతుపవనాల వానలు, దగ్గులు. బిడ్డ నిద్రపోతున్నప్పుడు చొక్కా పైకెత్తి నిమిషంపాటు ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలల నుంచి ఏడాదిలోపు 50, ఏడాది దాటితే 40 లేదా అంతకు మించినా, డొక్కలు ఎగరేస్తున్నా ఆలస్యం చేయొద్దు.

జలుబు మధ్యలో బిడ్డ ఆడుతూ, తింటూ, బరువు పెరుగుతుంటే నిశ్చింతగా ఉండండి.