4 డిగ్రీల రక్తం, 37 డిగ్రీల ఒళ్లు

రోహిణి కార్తెలో తోటపల్లి గూడూరు మండలం ఉడికిపోతుంది. కోడూరు తీరం నుంచి సముద్రపు గాలి తిరిగేదాకా ఊపిరాడదు. ఇలాంటి చోట రోగికి చలి ప్రాణం మీదికి తెస్తుందంటే నమ్మబుద్ధి కాదు. కానీ కాన్పులో రక్తం ధారగా పోతున్న తల్లిని నెల్లూరు చేర్చాక, ఆమెకు ఎక్కించే రక్తం బ్లడ్ బ్యాంకు ఫ్రిజ్‌లోంచి వస్తుంది. దాని వేడి 2 నుంచి 6 డిగ్రీలు. పైగా ఆపరేషన్ థియేటర్‌లో ఏసీ.

అంత చల్లటి రక్తం ఒక్క సంచి ఎక్కితే పెద్దవాళ్ల ఒంటి వేడి దాదాపు పావు డిగ్రీ దిగుతుంది. ఒకటి రెండయితే ఒళ్లు తట్టుకుంటుంది. వెంటవెంటనే పది సంచులు ఎక్కితే తట్టుకోలేదు. ఒళ్లు చల్లబడేకొద్దీ రక్తం గడ్డకట్టే గుణం మందగిస్తుంది. పోయిన రక్తానికి బదులుగా ఎక్కించిన రక్తమే స్రావాన్ని ఆగనివ్వదు. గుండె లయ కూడా తప్పుతుంది.

దీన్ని 1960ల మొదట్లో అంకెలతో చూపినవారు న్యూయార్క్ మెమోరియల్ ఆసుపత్రి డాక్టర్లు పాల్ బోయన్, విలియం హౌలాండ్. చల్లటి రక్తాన్ని వేగంగా, 3 లీటర్లకు తగ్గకుండా ఎక్కించినవారిలో నూటికి 58 మందికి గుండె ఆగింది. వెచ్చచేసి ఎక్కిస్తే ఆ సంఖ్య 7కు దిగింది. వాళ్ల సాధనం ఎంత మామూలుదో చూడండి: గోరువెచ్చటి నీళ్ల తొట్టిలో చుట్టలుగా ముంచిన ప్లాస్టిక్ గొట్టం. రక్తాన్ని వెచ్చచేసే యంత్రం, అంటే వార్మర్, కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం అదే.

అసలు కష్టం వేగంతో వస్తుంది. నిమిషానికి 150 మిల్లీలీటర్ల చొప్పున ఎక్కే రక్తాన్ని 4 నుంచి 37 డిగ్రీలకు తేవాలంటే 300 వాట్లకు పైనే కావాలి. అలాగని వేడి మరీ పెంచితే ఎర్రకణాలు పగిలిపోతాయి. అందుకే యంత్రాలు 42 డిగ్రీల దగ్గర జాగ్రత్తపడతాయి. 1989లో అమెరికాలోని ఓక్లహామాలో మైక్రోవేవ్‌లో వేడిచేసిన రక్తం ఎక్కించడంతో ఒక రోగి చనిపోయారు.

నీళ్ల తొట్లలో సూక్ష్మజీవులు చేరడంతో పొడి పలకలు వచ్చాయి, ఆ తర్వాత అయస్కాంత ప్రేరణతో వేడెక్కే యంత్రాలు. వాటికీ చిక్కులున్నాయి. పూత లేని అల్యూమినియం పలక నుంచి ఆ లోహం ఎక్కించే ద్రవాల్లోకి దిగుతోందని తేలి, 2019లో ఎన్‌ఫ్లో వార్మర్ భాగాలను వెనక్కి తీసుకున్నారు. ద్రవం వేడెక్కితే అందులో కరిగిన గాలి బుడగలై పైకి తేలుతుంది, కాబట్టి గొట్టంలో బుడగలు పట్టే ఏర్పాటు ఉండాలి. చుక్క చుక్కగా ఎక్కిస్తే, యంత్రం దాటిన ద్రవం చేతిదాకా వచ్చేసరికి మళ్లీ చల్లారిపోతుంది.

మన ఎండలకు బయట ఉన్న సెలైన్ సీసా 30 డిగ్రీలు దాటే ఉంటుంది. దానితో పెద్ద ముప్పు లేదు. భయమంతా ఫ్రిజ్ రక్తంతోనే. అందుకే సిజేరియన్లు చేసే ప్రతి ఆసుపత్రిలో, అది ఎంత చిన్నదైనా, ఒక వార్మర్ ఉండాలని నా గట్టి కోరిక. లేనిచోట తొందరలో సంచిని వేడినీళ్ల బేసిన్‌లో ముంచుతారు. ఆ నీళ్లు ఎన్ని డిగ్రీలున్నాయో కొలిచేవారు ఉండరు.