చెయ్యి కదలక ముందే

మన ఊళ్లో పోలీసు బండి ఆపితే మర్యాదస్తుడు ఏం చేస్తాడు? వెంటనే బండి దిగుతాడు. ఎదురువెళ్లి "నమస్కారమండీ" అంటాడు. అడగక ముందే జేబులో చెయ్యి పెట్టి కాగితాలు తీస్తాడు. కూర్చున్న చోటు నుంచి లేవకపోతే పొగరనుకుంటారని మన భయం. ఇరవై ఏళ్లుగా కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకుంటున్న నాకూ అదే అలవాటు. ఆ మర్యాదే అమెరికాలో ఒక రాత్రి ప్రాణం మీదికి తెచ్చేదేమో!

నిరుడు వేసవి సెలవుల్లో టెక్సాస్ రాష్ట్రంలో ఉన్న మా మేనల్లుడి ఇంటికి వెళ్లాను. వాడు మా పెద్దక్కయ్య కొడుకు. నాకంటే పదేళ్లే చిన్న. ఆ దేశపు పౌరుడయ్యాడు. ఊరి చివర ఒక పెట్రోలు బంకూ, దాన్ని ఆనుకుని చిన్న దుకాణమూ నడుపుతున్నాడు. రాత్రి పదకొండింటికి దుకాణం కట్టేసి, ఆనాటి రొక్కం సంచిలో వేసుకుని ఇంటికి రావాలి. అందుకని లైసెన్సు తీసుకుని ఒక చేతితుపాకీ కొనుక్కున్నాడు. ఆ సంగతి మా అక్కయ్యకు తెలియదు. నాకూ ఆ రాత్రిదాకా తెలియదు.

వాడి పక్కనే కూర్చుని ఇంటికి వస్తున్నాను. వెనకనుంచి ఎర్రదీపాలూ, నీలిదీపాలూ గిర్రున తిరిగాయి. మా కారు వెనకదీపం ఒకటి వెలగడం లేదని తర్వాత తెలిసింది. మావాడు రోడ్డువారగా కారు ఆపాడు. లోపలి దీపం వేశాడు, అద్దం దించాడు, రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టి బొమ్మలా కూర్చున్నాడు.

"దిగవేమిరా? పాపం, ఆయనే నడిచి వస్తున్నాడు" అన్నాను.

"దిగకూడదు మామయ్యా!"

పోనీ, కాగితాలైనా సిద్ధంగా ఉంచుదామని నా ముందున్న సొరుగు మీద చెయ్యి వేశాను. వాడు తల తిప్పకుండానే మెల్లగా అన్నాడు: "చెయ్యి తీసెయ్యి మామయ్యా. మోకాళ్ల మీద పెట్టుకో. అందులో తుపాకీ ఉంది."

నా అరచేతులు చెమర్చాయి. అధికారి వచ్చి లైసెన్సూ, బీమా కాగితమూ అడిగాడు. మావాడి చేతులు కదలలేదు. తుపాకీ దగ్గర ఉంచుకోవడానికి తనకు లైసెన్సు ఉన్నదనీ, తుపాకీ, బీమా కాగితం రెండూ సొరుగులోనే ఉన్నాయనీ, కార్డులు కుడి జేబులో ఉన్నాయనీ చెప్పి, "ఏం చేయమంటారు?" అని అడిగాడు. అధికారి మమ్మల్ని ఒకరి తర్వాత ఒకరిని దింపి, తుపాకీ తానే తీసుకున్నాడు. కార్డులు చూశాడు. దీపం బాగుచేయించుకోమని చీటీ రాసిచ్చి, తుపాకీ తిరిగి అప్పగించి వెళ్లిపోయాడు. అంతా పావుగంట. నా కాళ్లు మాత్రం ఇల్లు చేరాక కూడా వణుకుతూనే ఉన్నాయి.

మన దేశంలోనూ 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం, ఆయుధం పట్టుకున్నవాణ్ణి లైసెన్సు చూపమని పోలీసు అడగవచ్చు. కాని ఆపిన ప్రతి కారులోనూ తుపాకీ ఉంటుందేమోనని మన పోలీసు గుండె దడదడలాడదు. అక్కడ దడదడలాడుతుంది. టెక్సాసులో 2021 సెప్టెంబరు నుంచి, 21 ఏళ్లు నిండి, చట్టం నిషేధించనివారు లైసెన్సు లేకున్నా చేతితుపాకీ వెంట ఉంచుకోవచ్చు. లైసెన్సు ఉన్నవాడు మాత్రం, తుపాకీ దగ్గరుండగా అధికారి గుర్తింపు అడిగితే, ఆ కార్డు కూడా చూపాలి. రాష్ట్రం మారితే రూలూ మారుతుంది. మిషిగన్‌లో ఆపగానే లైసెన్సుదారు తనంతట తానే చెప్పాలి. మిన్నెసోటాలో అడిగితే చెప్పాలి.

ఆ మిన్నెసోటా పేరు రాగానే మావాడి గొంతు తగ్గింది. 2016 జూలై 6న అక్కడి ఫాల్కన్ హైట్స్‌లో ఫిలాండో కాస్టీల్ అనే 32 ఏళ్ల నల్లజాతి యువకుణ్ణి పోలీసు అధికారి ఆపాడు. కాస్టీల్ ఒక బడిలో పిల్లల భోజనశాల చూసే ఉద్యోగి. తుపాకీకి అనుమతి ఉన్నవాడు. బీమా కార్డు ఇచ్చి, తన దగ్గర తుపాకీ ఉన్నదని ఎవరూ అడగకుండానే మర్యాదగా చెప్పాడు. దాని జోలికి పోవద్దన్నాడు అధికారి. పోవడం లేదన్నాడు అతను. కొన్ని క్షణాల్లోనే ఏడు గుళ్లు పేలాయి. కారులో అతని స్నేహితురాలూ, ఆమె నాలుగేళ్ల కూతురూ ఉన్నారు. అతను గుర్తింపుకార్డు కోసం చెయ్యి పెట్టాడని ఆమె అన్నది; తుపాకీ కోసమే అనుకున్నానని అధికారి అన్నాడు. 2017 జూన్‌లో జ్యూరీ ఆ అధికారిని నిర్దోషిగా విడిచిపెట్టింది.

"అందుకే మామయ్యా, ముందు చేతులు కనపడాలి. తర్వాత మాట. ఆ మాటలోనూ ముందు లైసెన్సు రావాలి, తర్వాతే తుపాకీ. చెయ్యి కదిపేది ఆయన కదపమన్నాకే" అన్నాడు.

తెలుగు పంతులుకు ఇక్కడ ఒక చిత్రం తోచింది. "లైసెన్సు ఉన్న తుపాకీ నా దగ్గర ఉంది" అని మనం సహజంగానే లైసెన్సును ముందు పెడతాం. ఇంగ్లీషులో తొందరపడితే తుపాకీ ముందు దూకుతుంది. వినేవాడి చెవి అక్కడే ఆగిపోతుంది.

తిరుగు ప్రయాణంనాడు విమానాశ్రయంలో, "అమ్మకు నువ్వే చెప్పు మామయ్యా" అన్నాడు మావాడు. ఇంటికి వచ్చి, వాడు నేర్పిన వరసలోనే, ముందు లైసెన్సు, తర్వాత తుపాకీగా, అక్కయ్యకు అన్నీ చెప్పాను. కాస్టీల్ కథ కూడా చెప్పాను. ఆవిడ చేస్తున్న పని ఆపి చాలాసేపు మాట్లాడలేదు.

"ఆ అబ్బాయీ సరిగ్గానే చెప్పాడు కదరా! వినేవాడు చివరిదాకా వినొద్దూ?" అన్నది.

నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి ఆవిడ కొడుక్కి ఫోను చేసింది. తుపాకీ ఊసే ఎత్తలేదు. వెనకదీపం బాగుచేయించావా అని మాత్రం రెండుసార్లు అడిగింది.