ఆటిజం ఉన్న బిడ్డల తల్లిదండ్రులు విరాళాలు ఎందుకు అడగాల్సి వస్తోంది?

"మా బాబుకు ఆటిజం ఉంది, థెరపీకి సాయం చేయండి" అంటూ ఫోన్‌పే నంబరుతో, పిల్లాడి ఫొటోతో వచ్చే మెసేజ్‌లు మన వాట్సాప్ గ్రూపుల్లో కొత్త కాదు. చేతనైనంత పంపి, ఇంకో రెండు గ్రూపులకు ఫార్వర్డ్ చేస్తాం. ఆ సాయం అవసరమే. కానీ ఆ బిడ్డకు చట్టం ఇచ్చినవి ఏమయ్యాయని మనం అడగడం లేదు. ఆ ప్రశ్న అడగడానికి కావలసిన సమాచారాన్ని ఇక్కడ వివరిస్తున్నాం.

ఆటిజం అంటే మెదడు ఎదుగుదలలో పుట్టుకతో ఉండే తేడా. మాట, నలుగురితో కలవడం, శబ్దాన్నీ స్పర్శనూ తట్టుకోవడం ఈ పిల్లల్లో వేరుగా ఉంటాయి. ఒక్కో బిడ్డకు ఒక్కో రకంగా ఉంటుంది. ఇది అంటుకునేది కాదు, మందుతో తగ్గేదీ కాదు. స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ, ఓపికగా నేర్పే టీచర్లు చిన్న వయసులోనే దొరికితే బిడ్డ తన పనులు తాను చేసుకోవడం, తన అవసరం చెప్పుకోవడం చాలావరకు నేర్చుకోగలుగుతుంది.

చందాల పద్ధతి ఇక్కడే చిక్కుకుపోతుంది. గుండె ఆపరేషన్‌కైతే ఇంత కావాలని ఒక లెక్క ఉంటుంది. అది జమ అయితే పని పూర్తవుతుంది. థెరపీ వారం వారం, ఏళ్ల తరబడి సాగాలి. మొదటిసారి అడిగినప్పుడు కరిగిన మనసులు ఆరు నెలల తర్వాత మళ్లీ అడిగితే విసుక్కుంటాయి. పైగా ఎవరి ఫోన్‌లో ఎవరి నంబర్లున్నాయన్నది కులం నిర్ణయిస్తుంది. అమెరికాలో బంధువులున్న కుటుంబం అడగడం, మాలపల్లెలోనో మాదిగవాడలోనో ఉండే కూలీ కుటుంబం అడగడం ఒకటి కాదు. ఈ కుటుంబం అడిగేది కూడా తనలాంటి కూలీలనే. జిల్లా కేంద్రానికి బిడ్డను తీసుకెళ్లిన ప్రతిసారీ తల్లి ఆ రోజు కూలి పోగొట్టుకుంటుంది, బస్సు చార్జీ అదనం. పూర్వజన్మ కర్మ అని, తల్లి పెంపకం లోపమని ఇరుగుపొరుగు అనే మాటలు వీటికి తోడవుతాయి.

తల్లిని తప్పుపట్టే ఈ అలవాటు మన ఊళ్లకే పరిమితం కాదు. 1943లో లియో కానర్ ఆటిజం గురించి రాసిన తర్వాత, ప్రేమ చూపని తల్లుల వల్లే ఇది వస్తుందని పాశ్చాత్య వైద్యులే చాలాకాలం నమ్మారు. ఆ నమ్మకాన్ని కూలదోయడంలో తల్లిదండ్రుల పాత్ర పెద్దది. అమెరికాలో ఆటిజం ఉన్న అబ్బాయి తండ్రి, మనస్తత్వవేత్త బెర్నార్డ్ రిమ్లాండ్ 1964లో తన పుస్తకంతో ఈ వాదాన్ని ఎదిరించాడు. బ్రిటన్‌లో 1962లో తల్లిదండ్రులు సంఘం పెట్టుకున్నారు, 1965లో సొంతంగా బడి తెరిచారు. మన దేశంలో మెర్రీ బారువా అనే తల్లి 1991లో ఢిల్లీలో 'యాక్షన్ ఫర్ ఆటిజం' ప్రారంభించారు. 1995 నాటి వికలాంగుల చట్టంలోని ఏడు వైకల్యాల జాబితాలో ఆటిజం లేదు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టంలో ఆ పేరు చేరింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో కూడా ఉంది.

అంటే తల్లిదండ్రులు మొదలుపెట్టిన ప్రచారం సంఘాలుగా, బడులుగా ఎదిగింది, చట్టాల దాకా చేరింది. చదువు, ఇంగ్లిషు, ఆఫీసుల్లో పరిచయాలు ఉన్నవాళ్లకు ఆ దారి కొంత సులువు. దళిత తల్లిదండ్రుల ప్రచారం మాత్రం చాలాసార్లు చందాల దగ్గరే ఆగిపోతోంది. 2011 జనాభా లెక్కల ప్రకారం దళితుల్లో వికలాంగులు 2.45 శాతం, దేశ సగటు 2.21 శాతం. ఆ లెక్కల్లో ఆటిజానికి విడిగా గడే లేదు. లెక్కలో లేని బిడ్డ బడ్జెట్‌లోనూ కనిపించదు.

కులం, వైకల్యం కలిసి పనిచేస్తాయని సుప్రీంకోర్టు కూడా గుర్తించింది. ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఒక అంధ దళిత యువతిపై జరిగిన అత్యాచారం కేసులో (పఠాన్ జమాల్ వలీ, 2021), కులం, లింగం, వైకల్యం కలిసినప్పుడు ఆ అణచివేతను విడివిడిగా చూడలేమని తీర్పులో వివరించింది. ఆటిజం ఉన్న దళిత బిడ్డ విషయంలోనూ మనకు పనికొచ్చే ఆలోచన అది.

ఇక చట్టం ఏమిస్తోందో చూద్దాం. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం ఉంటే 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య 2016 చట్టం ఇచ్చిన హక్కు. ఉన్నత విద్యలో 5 శాతం, ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఉంది. ఆ నాలుగులో ఒక శాతం ఆటిజం, మేధో వైకల్యం తదితరాలకు కలిపి కేటాయించారు. 2012 సవరణతో ప్రైవేటు బడుల్లో విద్యాహక్కు చట్టం కింద ఇచ్చే 25 శాతం సీట్లకు వికలాంగ పిల్లలూ అర్హులయ్యారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో, ప్రభుత్వ బడుల్లో పిల్లలను పరీక్షించి, ఎదుగుదల సమస్యలున్నవారిని జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపాలి. నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమా ఏడాదికి లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది. థెరపీలకూ పరిమితి మేరకు డబ్బు వస్తుంది, ముందస్తు వైద్య పరీక్షలు అడగరు. వికలాంగుల పింఛను తెలంగాణలో 2023లో 4,016 రూపాయలకు, ఆంధ్రప్రదేశ్‌లో 2024లో 6,000 రూపాయలకు పెరిగింది.

వీటిలో చాలావాటికి ధ్రువపత్రమే తాళంచెవి. అందుకే చందాతో పాటు సదరం శిబిరానికి తోడు వెళ్లే మనిషి కావాలి. విద్యార్థి సంఘాలు ఈ పని చేయగలవు. దరఖాస్తు రాసిపెట్టడం, జిల్లా కేంద్రంలో స్పీచ్ థెరపిస్టు పోస్టు భర్తీ అయిందో లేదో సమాచార హక్కు చట్టం కింద అడగడం, సీటివ్వని బడిపై విద్యాశాఖకు ఫిర్యాదు చేయడం మన చేతిలో ఉన్నవే. సికింద్రాబాద్‌లో మేధో వైకల్యాల జాతీయ సంస్థ ఉంది. కానీ శ్రీకాకుళం, ఆదిలాబాద్ పల్లెల నుంచి ప్రతివారం అక్కడికి రావడం ఏ కూలీ కుటుంబానికీ సాధ్యం కాదు. మండలానికో థెరపీ కేంద్రం కావాలని అడగాలి. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన ఉపప్రణాళిక చట్టం, తెలంగాణలో 2017లో వచ్చిన ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ఉన్నది ఇలాంటి ఖాళీలు పూడ్చడానికే.

చందా వసూలు చేయాల్సి వస్తే కొన్ని జాగ్రత్తలు పాటిద్దాం. బిడ్డ ఏడుస్తున్న, తలబాదుకుంటున్న వీడియోలు పెట్టొద్దు. పెద్దయ్యాక ఆ వీడియోలు ఆ మనిషిని వెంటాడతాయి. పూర్తిగా నయం చేస్తామనే క్లినిక్‌లకు ఆ డబ్బు పోనివ్వొద్దు. స్టెమ్‌సెల్ చికిత్సలు కొన్ని రక్త సంబంధ వ్యాధులకు తప్ప మరి దేనికీ ఆమోదం పొందలేదని భారత వైద్య పరిశోధనా మండలి 2017 మార్గదర్శకాలు స్పష్టంగా చెప్పాయి. జమాఖర్చులు గ్రూపులోనే పెట్టాలి.

ఏటా ఏప్రిల్ 2న ఆటిజం అవగాహన దినం జరుపుతారు. ఆ రోజు నగరాల్లో నీలి దీపాలు వెలుగుతాయి. మన వాడల్లో అదే రోజు ఒక సభ పెట్టి, ధ్రువపత్రం లేని పిల్లల జాబితా రాసి కలెక్టర్‌కు ఇవ్వవచ్చు. జనాభా లెక్కల్లో లేని గడిని నింపే పని ఆ జాబితాతో మొదలవుతుంది.