నవంబరు ఒకటో తారీఖు

ఈసారి దీపావళి సావనీరుకి ఏదైనా రాసివ్వమని మన సంఘం కార్యదర్శిగారు ఫోను చేసినప్పుడు, నాకు రాయడం చేతకాదండీ అని తప్పించుకోబోయాను. ‘చేతకాకపోతే మీ ఇంట్లో ఏం జరుగుతోందో అదే రాయండి’ అన్నారాయన. మా ఇంట్లో ఆ వారమంతా జరిగినది ఒక్కటే, మా అమ్మాయి స్కూలు ప్రాజెక్టు.

ఎనిమిదో తరగతి పిల్లలందరికీ టీచరుగారు ఒకటే పని ఇచ్చారు. ఎవరి పుట్టినరోజు తేదీ వాళ్లు తీసుకోవాలి. ఆ తేదీన చరిత్రలో ఏమేం జరిగాయో, ఎవరెవరు పుట్టారో చార్టు మీద రాసి తేవాలి. మా అమ్మాయిది నవంబరు 1. అల్ ఖౌద్ సూక్‌లో పెద్ద చార్టు కాగితం, రంగు పెన్నులు కొనుక్కొచ్చాం. ఓ గంటలో అయిపోయే పని అనుకున్నాను. పది రోజులు పట్టింది.

మొదటి గడి నేనే నింపించాను. నాది కాకినాడ వైపు. 1897 నవంబరు 1న పిఠాపురం దగ్గర చంద్రంపాలెంలో దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు పుట్టారు. ‘కృష్ణపక్షం’ 1925లో వచ్చింది. ‘మల్లీశ్వరి’ 1951లో వచ్చింది. గొంతు జబ్బుతో మాట పోయాక కాగితం మీద రాసి చూపిస్తూ మాట్లాడేవారని మా ఊళ్లో పెద్దలు చెప్పగా విన్నాను. మాట పోయినా ఆయన పాటలు రాయడం మానలేదు. 1976లో పద్మభూషణ్ వచ్చింది, 1980 ఫిబ్రవరిలో వెళ్లిపోయారు. ‘నాన్నా, ఈయన నా బర్త్‌డే మేట్ అన్నమాట’ అంది మా అమ్మాయి. ఆ పోలిక ఆయన వింటే నవ్వుకునేవారేమో.

రెండో గడి యానాం. మన పిల్లల్లో చాలామందికి యానాం అంటే గోదావరి ఒడ్డున ఉన్న ఓ ఊరు, అంతే. మా ఇంట్లో మాత్రం అది పెళ్లి ఊరు. 1929లో శారదా చట్టం వచ్చింది. పధ్నాలుగేళ్లు నిండని ఆడపిల్లకి పెళ్లి చేస్తే నేరమని ఆ చట్టం. కానీ యానాం ఫ్రెంచివాళ్ల చేతిలో ఉండేది, బ్రిటిషు చట్టం అక్కడ చెల్లదు. దాంతో చుట్టుపక్కల ఊళ్లవాళ్లు పెళ్లికూతుళ్లను బళ్లమీద ఎక్కించుకుని అక్కడికి వెళ్లి ముహూర్తం జరిపించుకుని వచ్చేసేవారు. అందుకే ఆ ఊరికి కల్యాణపురం అని పేరొచ్చింది. మా నాయనమ్మ పెళ్లి అక్కడే, ఆవిడకి తొమ్మిదో ఏట. ‘పెళ్లంటే ఏమిటో తెలీదురా, పడవ ఎక్కిస్తారన్నారని వెళ్లాను’ అనేది. ఈ సంగతి చార్టు మీద రాస్తానంది మా అమ్మాయి. వాళ్లమ్మ వద్దంది. చివరికి అమ్మాయే నెగ్గింది.

ఇంతకీ తేదీ సంగతి. 1954 అక్టోబరు 18న కీళూరులో ఫ్రెంచి ప్రాంతాల ప్రజాప్రతినిధులు 178 మంది సమావేశమై ఓటు వేశారు. 170 మంది భారతదేశంలో కలుద్దామన్నారు, ఎనిమిది మంది వద్దన్నారు. రెండు వారాలకి, నవంబరు 1న, పాండిచ్చేరి, కారైకాల్, మాహే, యానాం నాలుగూ మన పాలనలోకి వచ్చాయి. యానాంలో అయితే ఆ జూన్ 13నే ఉద్యమకారులు పాలన చేతిలోకి తీసుకుని జెండా ఎగరేశారు.

ఇది నేను ఆఫీసులో భోజనాల దగ్గర చెబుతుంటే, మా పక్క సీటు అల్జీరియా ఇంజనీరు చెంచా కింద పెట్టాడు. ‘ఏ సంవత్సరమన్నావు?’ అని మళ్లీ అడిగాడు. 1954 నవంబరు 1 వాళ్ల దేశంలో అందరికీ కంఠతా వచ్చిన తేదీ. ఫ్రాన్సు మీద అల్జీరియా విమోచన యుద్ధం మొదలైంది ఆ రోజే, అది వాళ్లకి జాతీయ సెలవు దినం. ఒకే సామ్రాజ్యం, ఒకే రోజు. పాండిచ్చేరిలో సంతకాలు పెట్టి తాళాలు అప్పగించారు, అల్జీరియాలో తుపాకులు పేలాయి. అక్కడ యుద్ధం దాదాపు ఎనిమిదేళ్లు సాగి 1962 జూలైలో స్వాతంత్య్రం వచ్చింది. మనకు చట్టప్రకారం యానాం దఖలు పడిందీ 1962లోనే, ఆగస్టు 16న. మా నాయనమ్మ ఊరికీ ఆయన దేశానికీ ఇంత చుట్టరికం ఉందని ఇద్దరికీ తెలియదు. అంతవరకూ మా మాటలన్నీ ఏసీ గురించీ, ట్రాఫిక్ గురించే. ఆ రోజు వాళ్ల తాతగారి గురించి చెప్పాడు. అది ఆయన సొంత కథ గనక ఇక్కడ రాయడం లేదు.

మూడో గడికి మస్కట్ కావాలని మా అమ్మాయి పట్టు పట్టింది. మన ఊరు లేకపోతే ఎలా నాన్నా అంది. అల్ ఖౌద్‌లో పెరిగిన పిల్లకి మస్కట్ ‘మన ఊరు’ కావడంలో వింతేముంది! వెతగ్గా వెతగ్గా కాస్త దూరపు బంధుత్వం దొరికింది. 1755 నవంబరు 1న పోర్చుగల్ రాజధాని లిస్బన్‌ను పెద్ద భూకంపం నేలమట్టం చేసింది. మస్కట్‌లో మనం ఫొటోలు తీసుకునే జలాలి, మిరాని కోటలు పోర్చుగీసువాళ్లు కట్టించినవే. 1507లో వచ్చినవాళ్లను 1650లో ఒమానీలు వెళ్లగొట్టారు. వాళ్ల తూర్పుదేశాల వ్యాపారం లెక్కలన్నీ లిస్బన్‌లో ‘కాసా ద ఇండియా’ అనే కార్యాలయంలో ఉండేవి. ఆ భూకంపంలో ఆ కార్యాలయమూ, దానిలోని కాగితాలూ పోయాయి. మస్కట్ గురించీ మన తీరం గురించీ అందులో ఏమేం ఉండేవో అనుకుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

1858 నవంబరు 1ని ఒక్క ముక్కలో రాయించాను. ఈస్టిండియా కంపెనీ పాలన పోయి విక్టోరియా రాణి పాలన వచ్చిందని ఆ రోజు అలహాబాదులో కానింగ్ ప్రభువు చదివి వినిపించాడు. కోస్తా జిల్లాలకూ, రాయలసీమకూ ఆ రోజు యజమాని మారాడు. నిజాం ఏలుబడిలో ఉన్న తెలంగాణకు మారలేదు. ఈ చిన్న వాక్యం రాయించేటప్పుడు నాకేమీ తోచలేదు. అసలు చిక్కు తర్వాతి గడి దగ్గర వచ్చింది.

ఆ గడిలో మా అమ్మాయి ఎర్ర పెన్నుతో పెద్దగా రాసింది: ‘1956 – ఆంధ్రప్రదేశ్ ఆవిర్భావం’. చుట్టూ పూల బొమ్మలు కూడా వేసింది. మా పైఅంతస్తులో ఉండే తమ్ముడు అప్పుడే వచ్చాడు. తమ్ముడంటే సొంత తమ్ముడు కాదు. ఆయనది కరీంనగర్, పన్నెండేళ్లుగా నన్ను అన్నా అంటాడు, మా ఆవిడని వదినా అంటాడు. మా అమ్మాయి పుట్టినరోజుకి ఏటా మొదట తలుపు కొట్టేది ఆయనే. చార్టు చూశాడు. కాసేపు ఏమీ అనలేదు.

‘ఏం తమ్ముడూ, తప్పుందా?’ అన్నాను.

‘తప్పేం లేదన్నా. మీకు పుట్టిన్రోజే. మేం కాలేజీల ఉన్నప్పుడు మాత్రం ఈ దినం నల్లజెండా కట్టినం. విద్రోహ దినం అన్నం. రాస్తే రెండూ రాయాలె, లేకుంటే ఇడిసిపెట్టాలె’ అన్నాడు.

మా ఆవిడ వంటింట్లోంచి, ‘పుట్టినరోజు పిల్ల ప్రాజెక్టులో ఈ గొడవలెందుకండీ’ అంది. నాకూ అంతే అనిపించింది. మన సంఘంలో రెండు రాష్ట్రాల కుటుంబాలూ ఉన్నాయి. కమిటీ మీటింగుల్లో ఈ ప్రస్తావన వస్తే టీ తెప్పించి మాట మారుస్తాం. అలాంటిది ఓ పిల్ల చార్టు మీదికి ఎందుకని. కానీ మా అమ్మాయి అడిగింది, ‘విద్రోహం అంటే ఏంటి బాబాయ్?’ అని. ఇక తప్పలేదు. ముగ్గురం నేలమీద కూర్చున్నాం.

జరిగింది ఇదీ. 1953 అక్టోబరు 1న మద్రాసు నుంచి విడిపోయి, కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. 1955లో ఫజల్ అలీ కమిషన్, తెలంగాణను ప్రస్తుతానికి హైదరాబాదు రాష్ట్రంగా విడిగానే ఉంచమనీ, 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తర్వాత అక్కడి శాసనసభలో మూడింట రెండు వంతుల మంది కోరితే కలపమనీ చెప్పింది. అంతకాలం ఆగలేదు. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో రెండు వైపుల నాయకులు కూర్చుని పెద్దమనుషుల ఒప్పందం చేసుకున్నారు. తెలంగాణ మిగులు ఆదాయం తెలంగాణకే ఖర్చు పెట్టాలి. అక్కడి ఉద్యోగాలకు పన్నెండేళ్ల నివాసం ఉండాలి. ముఖ్యమంత్రి ఒక ప్రాంతంవారైతే ఉపముఖ్యమంత్రి రెండో ప్రాంతంవారు కావాలి. నవంబరు 1న 11 ఆంధ్ర జిల్లాలూ, 9 తెలంగాణ జిల్లాలూ కలిసి 20 జిల్లాల రాష్ట్రం అయింది. హైదరాబాదులో నెహ్రూగారు ప్రారంభించారు. నీలం సంజీవరెడ్డిగారు ముఖ్యమంత్రి అయ్యారు. ఉపముఖ్యమంత్రిని మాత్రం పెట్టలేదు. మొదటి రోజే మొదటి మాట తప్పారన్నది పైఅంతస్తు తమ్ముడి లెక్క. నాకూ దానికి జవాబు దొరకలేదు. 1969లో అక్కడ, 1972లో ఇక్కడ ఉద్యమాలు ఎందుకు వచ్చాయో, ఒప్పందం కాగితం ముందు పెట్టుకుంటే సగం తెలిసిపోతుంది.

నేను చిన్నప్పుడు స్కూల్లో నవంబరు 1కి బిళ్లలు పంచిపెట్టేవారు. ఆ బిళ్లల తీపే నాకు గుర్తు. మా అమ్మాయి ఇంకో ప్రశ్న వేసింది, ‘మరి హైదరాబాద్ స్టేట్ ఏమయింది?’ అని. నిజమే, ఆ రోజు ఒక రాష్ట్రం పుట్టిందంటాం గానీ, ఒక రాష్ట్రం పోయిందని ఎవరూ అనరు. హైదరాబాదు రాష్ట్రం ఆ రోజుతో మూడు ముక్కలయింది. తెలుగు జిల్లాలు ఇటు, బీదర్, గుల్బర్గా, రాయచూరు మైసూరుకి, ఔరంగాబాదు వైపు మరాఠీ జిల్లాలు బొంబాయి రాష్ట్రానికి. అంతవరకు రాజప్రముఖ్‌గా ఉన్న ఏడో నిజాం, ముఖ్యమంత్రి బూర్గుల రామకృష్ణారావుగారు, ఇద్దరి పదవులూ అక్టోబరు 31తో ముగిశాయి. యానాం మాత్రం చుట్టూ తెలుగు నేలే ఉన్నా ఎటూ కలవలేదు, వందల మైళ్ల దూరంలోని పాండిచ్చేరితోనే ఉండిపోయింది.

మా అమ్మాయి క్లాసులో మలయాళీ పిల్లలకి, కన్నడ పిల్లలకి ఈ పేచీ లేదు. వాళ్లకీ ఇదే రోజు. ఒకరికి కేరళ పిరవి, మరొకరికి రాజ్యోత్సవం. మైసూరు రాష్ట్రానికి కర్ణాటక అని పేరు పెట్టింది కూడా 1973లో ఈ తేదీనే. హర్యానా 1966, ఛత్తీస్‌గఢ్ 2000. మన రాజకీయ నాయకులకు నవంబరు 1 అచ్చొచ్చినట్టుంది. తెలంగాణకు మాత్రం 2014 జూన్ 2. ఆ తర్వాత కొన్నేళ్లు ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం తరఫున నవంబరు 1 ఉత్సవం జరగలేదు, 2019లో మళ్లీ జరిపారు. అక్టోబరు 1 కావాలనేవాళ్లూ ఉన్నారు. తేదీ మార్చుకోవడం మనకొక్కరికే కాదు లెండి. మనం ఉంటున్న ఈ దేశంలో ఏళ్ల తరబడి నవంబరు 18, సుల్తాన్ ఖాబూస్ పుట్టినరోజు, జాతీయ దినంగా ఉండేది. 2025 నుంచి నవంబరు 20 అయింది, 1744లో అల్ బుసైదీ వంశ పాలన మొదలైన రోజుకు గుర్తుగా.

చివరి గడి గురించి ఎవరికీ అభ్యంతరం రాలేదు. 1974 నవంబరు 1న వి.వి.ఎస్. లక్ష్మణ్ పుట్టాడు. పుట్టింది హైదరాబాదులో, తల్లిదండ్రులు విజయవాడలో డాక్టర్లు. 2001 మార్చిలో ఈడెన్ గార్డెన్స్‌లో ఆస్ట్రేలియా మీద ఫాలో ఆన్ ఆడుతూ 281 పరుగులు, ద్రావిడ్‌తో 376 పరుగుల జోడీ, ఒక రోజంతా వికెట్టు పడలేదు. ఆ మ్యాచ్ గురించి నేనూ తమ్ముడూ గంటసేపు మాట్లాడుకున్నాం. ఇద్దరం ‘మనోడు’ అనే అన్నాం.

పండగ సావనీరు గనక ఇదీ చెప్పాలి. 2005లో దీపావళి సరిగ్గా నవంబరు 1న వచ్చింది. పంతొమ్మిదేళ్ల తర్వాత 2024లో అమావాస్య అక్టోబరు 31, నవంబరు 1 రెండింటి మీదికీ పాకి, ఏ రోజు లక్ష్మీపూజ అని ఫోన్ల మీద ఫోన్లు నడిచాయి. 19 సౌర సంవత్సరాలకు 235 చాంద్రమాసాలు దాదాపు సరిపోతాయి గనక తిథులు మళ్లీ అదే తేదీల దగ్గరికి వస్తాయట.

చార్టు మీద 1956 గడిని మా అమ్మాయి నిలువుగా గీత గీసి రెండు చేసింది. పూలు ఒకవైపే ఉండిపోయాయి, చెరపడం కుదరలేదు. రెండో వైపు నల్ల పెన్నుతో తమ్ముడు చెప్పింది రాసింది. ఈ వ్యాసం కార్యదర్శిగారికి పంపేముందు తమ్ముడికి చూపించాను. రెండుసార్లు చదివి, ‘ఒక్కటి మరిచినవ్ అన్నా. ఫస్టు బిల్లుల రాష్ట్రం పేరు ఆంధ్ర-తెలంగాణ అని ఉండె. సెలెక్ట్ కమిటీల ఆంధ్రప్రదేశ్ చేసిన్రు. గది గుడ రాయి’ అన్నాడు. రాశాను.