పాటలో పలికిన జాతి

ఆద్యంతం గానంతోనే కథను నడిపించే రంగస్థల ప్రక్రియ ఒపేరా. ఐరోపాలో అది చిరకాలం రాజాస్థానాల వినోదంగా వర్ధిల్లింది. పంతొమ్మిదో శతాబ్దంలో చెక్ ప్రజలు దానిని తమ జాతి అస్తిత్వానికి ఆలంబనంగా మలచుకొన్నారు.

1620లో ప్రాగ్ సమీపాన జరిగిన శ్వేతపర్వత యుద్ధంలో చెక్ ప్రభువులు ఓడిపోయారు. నాటి నుండి బొహీమియాపై హాప్స్‌బర్గ్ చక్రవర్తుల పట్టు బిగిసింది. క్రమంగా పాలనకూ ఉన్నత విద్యకూ జర్మన్ భాషే ఆధారం కాగా, చెక్ భాష పల్లెలకూ శ్రామికులకూ పరిమితమైంది. దానికి పూర్వవైభవం కల్పించడానికి ముందుగా పూనుకొన్నవారు పండితులు. యోసెఫ్ యుంగ్మన్ 1834-39 మధ్య ఐదు సంపుటాల నిఘంటువును వెలువరించాడు. అయితే నిఘంటువు పండితుల బల్లపైనే ఉంటుంది. పాట వీధిలోకి వస్తుంది. ఫ్రాంటిషెక్ ష్క్రౌప్ 1826లో తొలి చెక్ ఒపేరాను ప్రదర్శింపజేశాడు. 1834లో ఒక నాటకానికి ఆయనే కూర్చిన పాట నేటి చెక్ జాతీయగీతం.

ఈ ఉద్యమానికి పరిపూర్ణత తెచ్చినవాడు బెద్రిఖ్ స్మెతానా (1824-1884). విచిత్రమేమంటే ఆయన చదువంతా జర్మన్‌లోనే సాగింది. తన దినచర్యనూ ఆ భాషలోనే రాసుకొన్నాడు. నలభై ఏళ్లకు చేరువైన వయస్సులో చెక్ వ్యాకరణాన్ని పట్టుదలతో అభ్యసించాడు. ఆయన స్వరపరచిన 'దాలిబోర్', 'లిబుషె' ఒపేరాల సాహిత్యం సైతం మొదట జర్మన్‌లో రచింపబడి, పిదప చెక్‌లోకి అనువదింపబడింది. జాతీయత పుట్టుకతోనే సిద్ధించే సొత్తని తలచేవారు ఈ విషయాన్ని తప్పక గమనించాలి. పల్లెటూరి ప్రేమకథ అయిన 'అమ్ముడైన పెళ్లికూతురు' 1866లో వెలువడినప్పుడు పెద్దగా ఆదరణ పొందలేదు. పలు సవరణల అనంతరం 1870లో తుదిరూపం దాల్చి, దేశదేశాల ప్రేక్షకులను అలరించింది.

జాతీయ నాటకశాలకు 1868లో శంకుస్థాపన జరిగింది. ధనికులతోపాటు సామాన్యులూ విరాళాలిచ్చారు. ప్రాగ్ నగర వైభవాన్ని ముందే దర్శించిందని చెప్పే పురాణ రాణి లిబుషె కథతో 1881 జూన్ 11న అది ప్రారంభమైంది. 1874లోనే వినికిడి కోల్పోయిన స్మెతానా నాటి ప్రదర్శనలో ఒక్క స్వరమైనా వినలేకపోయాడు. రెండు నెలలు గడిచాయో లేదో, ఆగస్టు 12న అగ్నిప్రమాదం ఆ భవనాన్ని దహించివేసింది. ప్రజలు మళ్లీ చేయి కలిపారు; పునర్నిర్మాణానికి కావలసిన ధనం కొద్ది వారాల్లోనే సమకూడింది. 1883 నవంబరు 18న 'లిబుషె'తోనే నాటకశాల మళ్లీ తెరుచుకొంది. మరుసటి ఏడాది మే నెలలో స్మెతానా కన్నుమూశాడు.