అండమాన్‌లో ఆరు రోజులు: అడవికీ పగడాలకూ నడుమ విశ్రాంతి

విశాఖపట్నం: సముద్రపు ఒడ్డున పుట్టి పెరిగినవారు సముద్రాన్ని చూసేందుకు విమానమెక్కి వెళ్లవలసిన అవసరం ఏమిటన్న ప్రశ్న సహజమే. అయితే రామకృష్ణా బీచ్‌లో కనిపించే బంగాళాఖాతమే ఆగ్నేయ దిశగా సుమారు 1,200 కిలోమీటర్ల దూరంలో పూర్తిగా వేరొక రూపం ధరిస్తుంది. మన తీరంలోవలె పెద్ద నదులు మోసుకొచ్చే ఒండ్రు అక్కడ లేదు. నీరు అద్దంలా తేటగా ఉంటుంది. నీటి అడుగున పగడపు దిబ్బలు, ఒడ్డున మడ అడవులు, వాటిని ఆనుకొని ఎండ నేలకు దిగనంత దట్టమైన వర్షారణ్యం. ఈ మూడూ పక్కపక్కనే ఉండటమే అండమాన్ దీవుల ప్రత్యేకత.

సంక్రాంతి సెలవులకో, ఎల్‌టీసీపైనో అక్కడికి బయలుదేరే కుటుంబాలకు చేతిలో ఉండేది అయిదారు రోజులే. ఆ కొద్ది వ్యవధిలో ఎనిమిది పది ప్రదేశాలు చుట్టివచ్చేలా పథకం వేసుకోవడం మనవారి అలవాటు. తీర్థయాత్రల బస్సుకు ఆ పద్ధతి చెల్లుతుందేమో గాని, దీవుల్లో చెల్లదు. ఇక్కడ ఒక చోటి నుంచి మరో చోటికి వెళ్లాలంటే పడవే దిక్కు. పడవ కదలాలో వద్దో నిర్ణయించేది సముద్రం. ఈ ఒక్క సంగతిని మనసులో ఉంచుకొని రోజులను అమర్చుకుంటే విశ్రాంతి దక్కుతుంది. లేకుంటే పెట్టెలు సర్దడం, విప్పడంతోనే సెలవు ముగుస్తుంది.

పడవ తప్పితే విమానమూ తప్పుతుంది

2016 డిసెంబరులో జరిగిన ఉదంతం ఇందుకు నిదర్శనం. వార్దా తుపానుగా మారిన వాయుగుండం అప్పుడు అండమాన్ పరిసరాల్లో ఉండటంతో పడవలు నిలిచిపోయాయి. హేవ్‌లాక్, నీల్ దీవుల్లో వెయ్యి మందికి పైగా పర్యాటకులు చిక్కుకుపోయారు. నౌకాదళ ఓడలు వెళ్లి వారిని తరలించవలసి వచ్చింది. అంతటి ఉపద్రవం ప్రతి ఏటా రాకపోవచ్చు. కానీ గాలి పెరిగినందున ఒక పూట పడవలు రద్దు కావడం అక్కడ వింత కాదు.

అందువల్ల తిరుగు విమానానికి ముందు రాత్రి తప్పనిసరిగా పోర్ట్ బ్లెయిర్‌లోనే బస చేయాలి. ఉదయం హేవ్‌లాక్‌లో పడవ ఎక్కి మధ్యాహ్నం విమానం అందుకోవచ్చునని టికెట్లు కొనడం డబ్బును నీటిలో వేయడమే. ఈ రాత్రిని వృథాగా భావించనక్కరలేదు. సెల్యులార్ జైలు, చిడియటాపు అడవి వంటివి ఆ పూటకు ఉంచుకోవచ్చు.

ఇక్కడ పేర్ల గురించి ఒక మాట. హేవ్‌లాక్‌కు స్వరాజ్ ద్వీప్ అని, నీల్‌కు షహీద్ ద్వీప్ అని 2018 డిసెంబరులో పేర్లు మార్చారు. పోర్ట్ బ్లెయిర్‌ను 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం చేశారు. టికెట్ల మీద, బోర్డుల మీద పాత పేర్లు, కొత్త పేర్లు కలగలిసి కనిపిస్తే కంగారు పడనక్కరలేదు. రెండూ ఒకటే.

ఏ నెలలో, ఏ తిథిలో?

దీవుల్లో ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షం కురుస్తుంది. విశాఖ వర్షపాతానికి ఇది దాదాపు మూడు రెట్లు. మే నుంచి సెప్టెంబరు వరకు నైరుతి, ఆపైన కొంతకాలం ఈశాన్య రుతుపవనాల ప్రభావం ఉంటుంది. జనవరి నుంచి ఏప్రిల్ వరకు సముద్రం నెమ్మదిగా ఉంటుంది. వీటిలో ఫిబ్రవరి, మార్చి నెలలే మేలు. సంక్రాంతి రద్దీ తగ్గుతుంది, వేసవి సెలవుల రద్దీ ఇంకా మొదలు కాదు. పిల్లల పరీక్షలు అప్పుడే రావడం ఒక్కటే ఇబ్బంది.

నెల చూసుకున్నాక చాలామంది చూడనిది తిథి. ముహూర్తం కోసం కాదు, పోటుపాట్ల కోసం. అమావాస్య, పౌర్ణమి రోజుల దరిదాపుల్లో పోటు ఎక్కువగా వస్తుంది, పాటు బాగా లోపలికి తీస్తుంది. అష్టమి ప్రాంతంలో ఈ తేడా తక్కువ. నీటి ఒరవడి తక్కువగా ఉన్న రోజుల్లో మట్టి కదలక, నీటి అడుగు స్పష్టంగా కనిపించే అవకాశం ఎక్కువ. కాబట్టి స్నార్కెలింగ్, అంటే ముఖానికి అద్దం, నోటికి గొట్టం తగిలించుకొని నీటిపై తేలుతూ పగడాలు చూడటం ప్రధానమనుకునేవారు అష్టమికి అటూఇటూ తేదీలు ఎంచుకోవడం మంచిది. నీల్ దీవిలోని సహజ శిలాతోరణం వద్దకు మాత్రం నీరు బాగా తీసినప్పుడే నడిచి వెళ్లగలం. అది చూడాలంటే అమావాస్య, పౌర్ణమి రోజులే అనుకూలం. అమావాస్యకు మరో ఆకర్షణ కూడా ఉంది. చీకటి రాత్రుల్లో హేవ్‌లాక్ మడ అడవుల నీటిలో తెడ్డు వేస్తే సూక్ష్మజీవుల వల్ల నీలి వెలుగు చిమ్ముతుంది. రెండు లాభాలూ ఒకే వారంలో దొరకవు. ఏది కావాలో ముందే తేల్చుకోవాలి. పోటుపాట్ల వేళలు రోజుకు సుమారు 50 నిమిషాల చొప్పున వెనక్కి జరుగుతుంటాయి. బస చేసిన చోట అడిగితే మరునాటి వేళ చెబుతారు.

గడియారం విషయంలోనూ జాగ్రత్త అవసరం. దేశమంతటికీ ఒకే సమయం కావడం వల్ల అక్కడ సూర్యుడు విశాఖ కంటే సగటున 40 నిమిషాల ముందు ఉదయిస్తాడు, అంతే ముందుగా అస్తమిస్తాడు. డిసెంబరులో సాయంత్రం 5 గంటలకే చీకటి ముసురుకుంటుంది. మధ్యాహ్నం భోజనం చేసి, కునుకు తీసి రాధానగర్ తీరంలో సూర్యాస్తమయం చూద్దామనుకునే వారికి తరచూ దక్కేది చీకటే. తెల్లవారుజామున 5 గంటలకు లేచి, మధ్యాహ్నం విశ్రమించి, రాత్రి 9కి పడుకొనే వారికి దీవుల దినచర్య ఇట్టే పట్టుబడుతుంది.

ఒక్క దీవి చాలు

ఆరు రోజుల్లో మొదటి రోజు, చివరి రోజు ప్రయాణానికే పోతాయి. విశాఖ నుంచి వెళ్లేవారు సాధారణంగా హైదరాబాద్, చెన్నై, కోల్‌కతాలలో ఒకచోట విమానం మారవలసి ఉంటుంది. చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు రెండు గంటలకు పైగా పడుతుంది. విశాఖ రేవు నుంచి ఓడ ప్రయాణం మాట వేరు. ఒకవైపే రెండు రోజులకు పైగా పట్టడమే గాక, ఓడలు అరుదు. సెలవు కొద్దిగా ఉన్నవారు దాని జోలికి పోకపోవడమే ఉత్తమం.

మొదటి రాత్రి పోర్ట్ బ్లెయిర్. రెండో రోజు ఉదయపు పడవలో హేవ్‌లాక్. ప్రైవేటు పడవల్లో సుమారు గంటన్నర, ప్రభుత్వ పడవల్లో అంతకంటే ఎక్కువ సమయం పడుతుంది. అక్కడ మూడు రాత్రులు కదలకుండా ఉండి, అయిదో రోజు పోర్ట్ బ్లెయిర్‌కు తిరిగివచ్చి, ఆరో రోజు విమానం ఎక్కడం తేలికైన పద్ధతి. నీల్ దీవి చిన్నది, సైకిల్ మీద తిరగవచ్చు, పంట పొలాలతో మన పల్లెను తలపిస్తుంది. అది నచ్చినవారు హేవ్‌లాక్‌లో ఒక రాత్రి తగ్గించుకోవచ్చు. అయితే వృద్ధులు, చిన్నపిల్లలు ఉన్న కుటుంబాలకు రెండు దీవులు అనవసర శ్రమే.

హేవ్‌లాక్‌లో గడిపే రెండు నిండు రోజుల్లో ఒకదానికి ఏ పనీ పెట్టుకోకూడదు. గాలివాన వచ్చి మొదటి రోజు స్నార్కెలింగ్ ఆగిపోతే ఆ ఖాళీ రోజే ఆదుకుంటుంది. వాతావరణం అనుకూలిస్తే కొబ్బరి చెట్ల నీడలో పుస్తకం చదువుకోవచ్చు. అసలు ఇంత దూరం వెళ్లింది అందుకే కదా!

అడవి బతికితేనే పగడం

దీవి పడమటి వైపున్న ఎలిఫెంట్ బీచ్‌కు జెట్టీ నుంచి పడవలో వెళ్లేవారే ఎక్కువ. నడవగలిగినవారు, వాన లేనప్పుడు, అడవి దారిన వెళితే మరపురాని అనుభవం మిగులుతుంది. అరగంటకు పైగా సాగే ఆ దారిలో ఆకాశాన్నంటే చెట్లు, వాటికి చుట్టుకున్న ఊడల్లాంటి తీగలు, చివర్లో మడచెట్ల బురద, ఆ వెంటనే తెల్లని ఇసుక, నీటిలో నాలుగడుగులు వేస్తే పగడాలు. 2004 సునామీలో కూలిన మహావృక్షాల మోళ్లు ఆ తీరంలో పడి ఉండటం ఇక్కడి పాత జ్ఞాపకం.

ఈ వరుసక్రమం యాదృచ్ఛికం కాదు. పగడం రాయిలా కనిపించినా, నిజానికి అది వేలాది సూక్ష్మ జీవుల కాపురం. ఆ జీవుల దేహంలో నివసించే నాచు ఎండను గ్రహించి ఆహారం తయారుచేస్తుంది. నీరు తేటగా లేకపోతే ఎండ అందదు. అంతటి భారీ వర్షాలకు కొండవాలు మట్టి కొట్టుకుపోకుండా పట్టి ఉంచేది అడవి. జారిన మట్టిని వేళ్ల మధ్య వడకట్టేది మడ అడవి. పైన చెట్టు నరికితే కింద పగడం మీద మట్టి పడుతుంది. ఈ అడవుల్లో పేరెన్నికగన్న పడౌక్ వృక్షం మన శేషాచలం ఎర్రచందనానికి, ఏగిస చెట్టుకు దగ్గరి చుట్టం. ఈ కలప కోసమే బ్రిటిష్ వారు 1883లో చాథమ్ దీవిలో రంపపు మిల్లు నెలకొల్పారు.

మట్టి నుంచి తప్పించుకున్న పగడానికి వేడి రూపంలో మరో ముప్పు ఉంది. సముద్రపు ఉష్ణోగ్రత మామూలు వేసవి గరిష్ఠం కంటే ఒక డిగ్రీ పెరిగి కొన్ని వారాలు నిలిచిందంటే పగడాలు తమలోని నాచును వెలివేసి తెల్లబడతాయి. 2010 వేసవిలో అండమాన్‌లో ఇదే విస్తృతంగా జరిగింది. 2004 భూకంపంలోనైతే ఉత్తర అండమాన్ తీరాల్లో కొన్నిచోట్ల నేల పైకి లేచి, పగడాలు నీటి వెలుపల పడి ఎండిపోయాయి. బండల్లా పెరిగే రకాలు ఏడాదికి పెరిగేది సెంటీమీటరు అటూఇటూ. అలసిపోయి ఒక క్షణం దానిపై కాలుమోపితే విరిగేది ఎన్నేళ్ల ఎదుగుదలో ఊహించవచ్చు. ఈత రానివారు లైఫ్ జాకెట్‌తో, మార్గదర్శి చేయి పట్టుకొని తేలియాడాలే తప్ప నిలబడకూడదు. ఒంటికి క్రీములు దట్టంగా పూసుకోవడం కంటే పొడుగు చేతుల ఈత చొక్కా తొడుక్కోవడం చర్మానికీ, పగడానికీ క్షేమం.

పోర్ట్ బ్లెయిర్ సమీపంలోని వండూర్ వద్ద మహాత్మా గాంధీ సముద్ర జాతీయ ఉద్యానం 1983లో ఏర్పాటైంది. అక్కడి జాలీ బాయ్, రెడ్ స్కిన్ దీవులను ఒకే కాలంలో కాక వంతులవారీగా తెరుస్తారు, పగడాలకు విరామం ఇవ్వడం కోసం. ప్లాస్టిక్‌ను అనుమతించరు. సోమవారం సెలవు. అనుమతి పత్రం ముందుగానే తీసుకోవాలి. హేవ్‌లాక్ ప్రయాణం వద్దనుకొనే పెద్దవారికి పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండి ఒక రోజు ఇక్కడికి వెళ్లిరావడం చక్కని ప్రత్యామ్నాయం.

వదులుకోదగినవి

చాలా ప్యాకేజీల్లో బారాటాంగ్ సున్నపురాతి గుహలను చేరుస్తారు. చీకటితోనే బయలుదేరి, వాహనాల బారులో జారవాల అభయారణ్యం గుండా వెళ్లి రావాలి. రోజంతా పోతుంది. ఆ దారి జారవా తెగ ఆవాసం మీదుగా వేసినది. ఆ మార్గంలో కొన్ని భాగాలను మూసివేయాలని సుప్రీంకోర్టు 2002లోనే ఆదేశించింది. అక్కడ వాహనం ఆపడం, ఫొటోలు తీయడం, వారికి తినుబండారాలు ఇవ్వడం నేరం. మనుషులను అద్దంలోంచి చూసే ప్రయాణాన్ని విహారమనడం ఈ వ్యాసకర్తకు ఇష్టం లేదు. విశ్రాంతి కోరేవారు ఆ రోజును మిగుల్చుకోవచ్చు.

స్కూబా డైవింగ్ చేయదలచినవారు దాన్ని హేవ్‌లాక్ చేరిన మరునాడే ముగించాలి. నీటి లోతుల్లో ఒత్తిడికి రక్తంలో కరిగిన నత్రజని పూర్తిగా బయటికి పోకముందే విమానమెక్కితే ప్రాణాపాయం కలగవచ్చు. ఒక్కసారి మునిగితే కనీసం 12 గంటలు, అంతకు మించితే 18 గంటలు విమానానికి దూరంగా ఉండాలన్నది డైవర్లు పాటించే నియమం. ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవారు వైద్యుని అనుమతి లేకుండా దిగరాదు. గర్భిణులు అసలే దిగకూడదు.

మొసళ్ల హెచ్చరిక బోర్డులను తేలిగ్గా తీసుకోరాదు. 2010లో హేవ్‌లాక్‌లో ఒక విదేశీ పర్యాటకురాలు ఉప్పునీటి మొసలి దాడిలో మరణించారు. మడ కాలువల దగ్గర, చీకటి పడ్డాక నీటిలోకి దిగడం తగదు.

భాష గురించి బెంగ అక్కరలేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల్లో వందకు 13 మంది మాతృభాష తెలుగే. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల నుంచి చేపల వేటకు, కూలి పనులకు వెళ్లి స్థిరపడ్డ కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. జెట్టీ దగ్గర ఆటో కోసం చూస్తుంటే శ్రీకాకుళం యాసలో పలకరింపు వినిపించినా ఆశ్చర్యం లేదు.

2020లో చెన్నై నుంచి సముద్రగర్భ కేబుల్ వచ్చాక ఇంటర్నెట్ మెరుగుపడింది గాని, చిన్న దీవుల్లో ఫోన్ సంకేతాలు అంతంతమాత్రమే. కొంత నగదు, పడవ టికెట్ల ముద్రిత ప్రతులు, ప్రతి ఒక్కరికీ గుర్తింపు కార్డు దగ్గర ఉంచుకోవాలి. సాయంత్రం ఇసుకలో కుట్టే చిన్న ఈగలకు నిండు ప్యాంటే మందు. తిరుగు ప్రయాణంలో పిల్లల జేబులు ఒకసారి తడిమి చూడటం మరవద్దు. తీరంలో ఏరుకున్న పగడపు ముక్క, చచ్చినదైనా సరే, వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తుంది. విమానాశ్రయ తనిఖీలో పట్టుబడితే కేసు తప్పదు.